ఊబకాయంలో షుగర్ ముప్పు: ముల్చేరకు పనికొచ్చే రక్తపరీక్ష ఏది?

లావుగా ఉన్న మనిషికి రేపు షుగర్ వస్తుందా రాదా అన్నది రక్తంలో ముందే తెలుస్తుందా? తెలిస్తే ఏ పరీక్షలో, ఎన్నేళ్ల ముందు, ఎంత నమ్మకంగా? ఈ ప్రశ్న మీద గత నలభై ఏళ్లలో ప్రపంచమంతా చాలా పని జరిగింది. ఇన్సులిన్ నుంచి అమైనో ఆమ్లాల దాకా, కొవ్వు కణం విడుదల చేసే హార్మోన్ల నుంచి జన్యువుల మీది గుర్తుల దాకా పదుల కొద్దీ పరీక్షలు ముందుకొచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం పెద్ద ఊళ్లలో, పెద్ద ప్రయోగశాలల పక్కన పుట్టినవి. గడ్చిరోలి జిల్లా ముల్చేర తాలూకాను దృష్టిలో పెట్టుకుని వాటిని మళ్లీ చదివితే కొన్ని పరీక్షల విలువ పెరుగుతుంది, కొన్నిటిది బాగా తగ్గుతుంది.

ముల్చేర ప్రాణహితకు తూర్పున ఉన్న అడవి తాలూకా. మాడియా, గోండు పల్లెలు, తెలుగు, మరాఠీ కుటుంబాలు, తూర్పు బెంగాల్ నుంచి తరలివచ్చి స్థిరపడ్డ బెంగాలీల ఊళ్లు అక్కడ పక్కపక్కనే ఉంటాయి. జబ్బు ముదిరితే అహేరికో గడ్చిరోలికో పోవాలి. సిరొంచ వైపు వాళ్లయితే నది దాటి మంచిర్యాల, కరీంనగర్, వరంగల్ ఆసుపత్రుల దాకా వస్తారు. ఈ ప్రాంతంలో ఆరోగ్యం గురించి మాట్లాడితే మలేరియా, సికిల్ సెల్, రక్తహీనత, పోషకాహార లోపం ముందుకొస్తాయి. షుగర్ పట్నం వాళ్ల జబ్బు అన్న నమ్మకం ఇంకా పోలేదు.

ఆ నమ్మకం నిలవదని చెప్పడానికి ఈ జిల్లా నుంచే ఆధారం ఉంది. శోధ్‌గ్రామ్‌లోని ‘సెర్చ్’ సంస్థ గడ్చిరోలి జిల్లాలో 86 ఊళ్లలో 2011 ఏప్రిల్ నుంచి రెండేళ్లపాటు జరిగిన మరణాలను పరిశీలించింది. మొత్తం 1,599 మరణాల్లో 229, అంటే 14.3 శాతం, పక్షవాతం వల్ల సంభవించినవే. ఆ ఊళ్లలో మరణాలకు అదే మొదటి కారణమని తేలింది. పక్షవాతానికి బీపీ ప్రధాన కారణమైతే, షుగర్ దాని తోడు. ఈ రెండూ ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా ఉండి, ఒకరోజు మనిషిని మంచాన పడేస్తాయి. కాబట్టి ముందే పట్టుకోవడం అనేది ముల్చేరకు అక్కర్లేని ఆడంబరం కాదు.

ఈ సమీక్ష ఒక నిర్ణయానికి వస్తుంది, దాన్ని ముందే చెప్పడం మంచిది. ముల్చేర లాంటి చోట కొత్త కొత్త అణువుల కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. టేపుతో నడుము కొలిచి, ముప్పు ఉన్నవాళ్లను ఎంచి, గ్లూకోజు తాగించి సరిగ్గా చేసే పరీక్షే ఇక్కడ అన్నిటికన్నా నమ్మదగింది. పట్నాల్లో అందరూ నమ్మే మూడు నెలల షుగర్ పరీక్షను మాత్రం ఇక్కడ ఒంటరిగా నమ్మకూడదు.

బరువు కాదు, నడుము

ఊబకాయం ఉన్నవాళ్లంటే ఎవరు? భారతీయుల విషయంలో బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని 2009లో మన నిపుణులు ఏకాభిప్రాయానికి వచ్చారు. నడుము చుట్టుకొలత మగవాళ్లలో 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లలో 80 సెంటీమీటర్లు దాటితే పొట్ట చుట్టూ కొవ్వు పేరుకున్నట్టే. పాశ్చాత్య దేశాల గీత కంటే మన గీత కిందికి ఉండటానికి గట్టి కారణం ఉంది.

ఆ కారణాన్ని స్పష్టంగా చూపింది మహారాష్ట్రలోనే, పుణేలో. డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ 2004లో ‘లాన్సెట్’ పత్రికలో తమ ఇద్దరి ఫొటో పక్కపక్కన వేసి ఒక చిన్న వ్యాసం రాశారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. కానీ ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. పైకి సన్నగా కనిపించే భారతీయుడి లోపల కొవ్వు దాగి ఉంటుందని ఒక్క చూపులో అర్థమయ్యే ఉదాహరణ అది. పుణే చుట్టుపక్కల పల్లెల్లో యాజ్ఞిక్ బృందం చేసిన పరిశోధన ఇంకా వెనక్కి వెళ్లింది. అక్కడి శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండు శిశువులది 3.5 కిలోలు. కండ, పొట్టలోని అవయవాలు తక్కువ ఉన్నా కొవ్వు మాత్రం దాదాపు అంతే ఉంది. బొడ్డుతాడు రక్తంలో ఇన్సులిన్ కూడా ఎక్కువే ఉన్నట్టు తేలింది. తల్లి కడుపులో తిండి తగ్గిన బిడ్డ కొవ్వును దాచుకుని పుడుతుంది. తర్వాత తిండి పెరిగి, శ్రమ తగ్గితే ఆ బిడ్డే నలభై ఏళ్లకు షుగర్ మనిషి అవుతాడు.

తెలుగు నేల మీద దీనికి అవతలి ముఖం కనబడింది. హైదరాబాద్ దగ్గరి 29 పల్లెల్లో 1987 నుంచి 1990 వరకు గర్భిణులకు, చిన్న పిల్లలకు అదనపు పోషకాహారం ఇచ్చి చూశారు. జాతీయ పోషకాహార సంస్థతో కలిసి ఆ పిల్లలను టీనేజీలో మళ్లీ పరీక్షించినప్పుడు, ఆహారం అందిన ఊళ్ల పిల్లలు కొంచెం పొడుగ్గా ఉన్నారు, వాళ్లలో ఇన్సులిన్ నిరోధకత సుమారు 20 శాతం తక్కువగా ఉంది. ఈ ఫలితాలు 2008లో వెలువడ్డాయి. పోషకాహార లోపం, షుగర్ రెండూ వేర్వేరు కాలాల జబ్బులు కావని, ఒకటి రెండోదానికి పునాది వేస్తుందని ఈ రెండు అధ్యయనాలూ చెబుతున్నాయి. ముల్చేర లాంటి తాలూకా ఈ లెక్కలో మొదటి వరుసలో ఉంటుంది. అక్కడి తల్లుల నిన్నటి ఆకలి, వాళ్ల పిల్లల రేపటి షుగర్‌కు దారి వేస్తుంది.

దేశం మొత్తం మీద చూస్తే, 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 1,13,043 మందిని పరీక్షించింది. షుగర్ 11.4 శాతం, షుగర్‌కు ముందు దశ 15.3 శాతం, పొట్ట చుట్టూ కొవ్వు 39.5 శాతం మందిలో ఉన్నట్టు లెక్క తేలింది. పరీక్షించినవాళ్లలో 79,506 మంది పల్లెల వాళ్లే. ముందు దశలో ఉన్నవాళ్లు దేశంలో 13 కోట్లకు పైగా ఉంటారు. మనం వెతకాల్సింది వీళ్లనే.

గ్లూకోజు పెరిగేలోపు లోపల జరిగేది

పొట్టలో పేరుకున్న కొవ్వు ఊరికే ఉండదు. అది కొవ్వు ఆమ్లాలను రక్తంలోకి వదులుతూ ఉంటుంది. అవి కాలేయంలో, కండరాల్లో చేరి ఇన్సులిన్ మాట వినకుండా చేస్తాయి. అప్పుడు క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసి చక్కెరను అదుపులో పెడుతుంది. ఈ దశలో గ్లూకోజు చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. క్లోమంలోని బీటా కణాలు అలసిపోయినప్పుడే గ్లూకోజు పైకి లేస్తుంది.

లండన్ ప్రభుత్వోద్యోగుల మీద జరిగిన వైట్‌హాల్-2 అధ్యయనం ఈ ప్రయాణాన్ని కాలక్రమంలో చూపింది. 6,538 మందిని ఏళ్ల తరబడి గమనిస్తే 505 మందికి షుగర్ వచ్చింది. వాళ్ల పాత నమూనాలు తిరగేసి చూసినప్పుడు, ఇన్సులిన్‌కు శరీరం స్పందించే గుణం జబ్బు బయటపడటానికి ఐదేళ్ల ముందు నుంచి వేగంగా పడిపోయింది. పరగడుపు గ్లూకోజు మాత్రం చివరి మూడేళ్లలోనే ఒక్కసారిగా ఎగసింది. 2009లో వచ్చిన ఈ ఫలితం ఈ రంగం ముందున్న అసలు సవాలును చెబుతుంది. పరగడుపు గ్లూకోజు ఆలస్యంగా మేలుకునే గుర్తు. దానికంటే ముందే మేలుకునే గుర్తు కావాలి. దాన్ని వెతుకుతూ వెళ్లిన దారుల్ని ఒక్కొక్కటిగా చూద్దాం.

పరగడుపు, తాగిన తర్వాత

పరగడుపు గ్లూకోజు 100 లోపు ఉంటే మామూలు, 126 లేదా అంతకు మించితే షుగర్, మధ్యలో ఉంటే ముందు దశ అని అమెరికా డయాబెటిస్ సంఘం చెబుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందు దశను 110 నుంచి మొదలుపెడుతుంది. 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి రెండు గంటల తర్వాత చూస్తే 140 నుంచి 199 మధ్య ముందు దశ, 200 దాటితే షుగర్.

ఈ రెండు పరీక్షలూ ఒకే మనిషిని పట్టుకోవు. పరగడుపు సంఖ్య ఎక్కువగా కాలేయం మాట చెబుతుంది. తాగిన తర్వాతి సంఖ్య కండరాల మాట, క్లోమం మాట చెబుతుంది. మన దేశంలో తాగిన తర్వాత మాత్రమే పెరిగేవాళ్లు చాలామంది ఉంటారు. పరగడుపు ఒక్కటే చూస్తే వాళ్లు ‘బాగున్నారు’ అనిపించుకుని ఇంటికి వెళ్లిపోతారు.

ఇంకో మెట్టు ముందుకు వెళ్లాలన్న ఆలోచన 2008 ప్రాంతంలో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో నుంచి వచ్చింది. గ్లూకోజు తాగిన గంటకు 155 దాటితే, మిగతా సంఖ్యలు బాగున్నా సరే, ముందు ముందు షుగర్ వచ్చే అవకాశం ఎక్కువని అక్కడి పరిశోధకులు గుర్తించారు. చెన్నైలోనూ దీన్ని పరీక్షించి ఇదే ధోరణి చూశారు. చివరికి 2024లో అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య దీన్ని అధికారికంగా ఆమోదించింది. గంటకు 155 దాటితే ముందు దశ, 209 దాటితే షుగర్ అని గీత గీసింది. ఈ నిర్ణయం పల్లెకు చాలా మేలు చేస్తుంది. రెండు గంటలు కూర్చోబెట్టే పరీక్షకు కూలి మనిషి రాడు. పొద్దున్నే పరగడుపున వచ్చి గంటలో పని చూసుకుని వెళ్లొచ్చంటే వస్తాడు.

గ్లూకోజు పరీక్ష తేలికే గానీ దాన్ని సరిగ్గా చేయడం తేలిక కాదు. తీసిన రక్తం గొట్టంలో కూడా బతికే ఉంటుంది. అందులోని కణాలు గ్లూకోజును తింటూనే ఉంటాయి. మామూలు గది వేడిలో గంటకు 5 నుంచి 7 శాతం దాకా గ్లూకోజు తగ్గిపోతుంది. పల్లెలో ఉదయం తీసిన నమూనా జీపులో మూడు గంటలు తిరిగి ప్రయోగశాలకు చేరితే, 118 ఉన్న మనిషి 98గా, అంటే పూర్తిగా మామూలు మనిషిగా కాగితం మీదికి వస్తాడు. అందుకే బూడిద రంగు మూత ఉన్న ఫ్లోరైడ్ గొట్టంలోనే తీయాలి. ఫ్లోరైడ్ కూడా పూర్తిగా పనిచేయడానికి గంటకు పైగా పడుతుంది కాబట్టి గొట్టాన్ని వెంటనే మంచులో పెట్టాలి, వీలైతే అక్కడే ప్లాస్మాను వేరుచేయాలి. వేలి చివర రక్తంతో గ్లూకోమీటరు వాడితే ఈ చిక్కు ఉండదు. కాకపోతే అక్కడ వేరే చిక్కు ఉంది. రక్తహీనత ఎక్కువగా ఉన్నవాళ్లలో గ్లూకోమీటరు స్ట్రిప్పు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. గ్లూకోజు తాగాక వేలి రక్తం సిరల రక్తం కంటే ఎక్కువ సంఖ్య ఇస్తుంది. ఈ రెండూ తెలిసిన సిబ్బంది చేతిలో గ్లూకోమీటరు మంచి పనిముట్టే. తెలియకపోతే అనవసరమైన భయాలు పుట్టిస్తుంది.

మూడు నెలల పరీక్షకు ఇక్కడ కాళ్లు తడబడతాయి

హెచ్‌బీఏ1సీని మనవాళ్లు మూడు నెలల షుగర్ పరీక్ష అంటారు. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. అన్ని రోజులూ రక్తంలో ఎంత చక్కెర ఉందో దానికి తగ్గట్టు హిమోగ్లోబిన్‌కు చక్కెర అతుక్కుంటుంది. పరగడుపున రావాల్సిన పని లేదు, ఎప్పుడు తీసినా సరే. 5.7 నుంచి 6.4 దాకా ముందు దశ, 6.5 దాటితే షుగర్. అమెరికా డయాబెటిస్ సంఘం 2010లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో దీన్ని రోగనిర్ధారణకు ఒప్పుకున్నాయి. పట్నాల్లో ముందు దశను పట్టడానికి ఇప్పుడు దీనిమీదే ఎక్కువ ఆధారపడుతున్నారు.

ఈ పరీక్ష ఒక షరతు మీద నిలబడి ఉంది. ఎర్ర కణం మామూలు ఆయుష్షుతో బతకాలి, దానిలో ఉన్నది మామూలు హిమోగ్లోబిన్ కావాలి. గడ్చిరోలి జిల్లాలో ఈ షరతును భంగపరిచే కారణాలు ఒకటి కాదు, నాలుగు ఉన్నాయి.

మొదటిది సికిల్ సెల్, హిమోగ్లోబిన్‌ను మార్చే వారసత్వ జబ్బు. మన దేశంలో దీన్ని తొలిసారి 1952లో నీలగిరి గిరిజనుల్లో గుర్తించారు. విదర్భ దీనికి ప్రధాన కేంద్రాల్లో ఒకటి. గిరిజనుల్లో పుట్టే ప్రతి 86 మందిలో ఒకరికి సికిల్ జబ్బు ఉంటుందని కేంద్ర ప్రభుత్వ అంచనా. జబ్బు లేకుండా ఒక్క జన్యువును మాత్రమే మోసేవాళ్ల సంఖ్య అంతకు చాలా రెట్లు ఎక్కువ. జబ్బు ఉన్న మనిషిలో ఎర్ర కణం 10 నుంచి 20 రోజులే బతుకుతుంది. పైగా అతని రక్తంలో మామూలు హిమోగ్లోబిన్ ఉండదు కాబట్టి అతనికి హెచ్‌బీఏ1సీ అన్న సంఖ్యకే అర్థం లేదు. ఒక్క జన్యువు మోసేవాళ్లలో తేడా కంటికి కనిపించదు, అయినా ఉంటుంది. అమెరికాలో 4,620 మంది నల్లజాతి వాళ్ల మీద చేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, గ్లూకోజు స్థాయి ఒకటే అయినా సికిల్ జన్యువు మోసేవాళ్లకు సగటున 5.72, మోయనివాళ్లకు 6.01 వచ్చింది. ఆ 0.29 చిన్నదిగా కనబడుతుంది. కానీ ముందు దశ గీత 5.7 దగ్గర ఉందని గుర్తుపెట్టుకుంటే, నిజానికి 5.9 రావాల్సిన మనిషి 5.6తో మామూలు వాళ్ల జాబితాలో చేరిపోతాడు. ముల్చేరలో ఒక గోండు యువకుడికి పొట్ట పెరిగి, మూడు నెలల పరీక్షలో 5.6 వచ్చిందంటే అది భరోసా ఇచ్చే సంఖ్య కాదు.

రెండోది ఇనుము లోపం. దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఇనుము లోపం హెచ్‌బీఏ1సీని పైకి లాగుతుంది. షుగర్ లేని మనిషికి ముందు దశ ఉన్నట్టు చూపుతుంది. మూడోది మలేరియా. మహారాష్ట్రలో మలేరియా భారం ఎక్కువగా మోసే జిల్లాల్లో గడ్చిరోలి ఒకటి. మలేరియా ఎర్ర కణాలను పగలగొడుతుంది, సంఖ్య కిందికి పోతుంది. నాలుగోది జీ6పీడీ అనే ఎంజైము లోపం. ఇదీ కణాల ఆయుష్షు తగ్గించి సంఖ్యను కిందికి దించుతుంది. ఒకే ఆడమనిషికి సికిల్ జన్యువూ ఇనుము లోపమూ కలిసి ఉండటం ఇక్కడ అరుదు కాదు. ఒకటి కిందికి, ఒకటి పైకి లాగాక మిగిలిన సంఖ్య ఆమె చక్కెర గురించి చెప్పేది ఏమీ ఉండదు.

దీనికి ప్రత్యామ్నాయంగా ఫ్రక్టోసమీన్, గ్లైకేటెడ్ ఆల్బుమిన్ ఉన్నాయి. ఇవి హిమోగ్లోబిన్‌తో సంబంధం లేకుండా రెండు మూడు వారాల చక్కెరను చూపిస్తాయి. షుగర్ ఉన్న సికిల్ రోగి ఎలా ఉన్నాడో చూసుకోవడానికి పనికొస్తాయి. ముందు దశను పట్టడానికి మాత్రం వీటిలో అంత పదును లేదు. ఊబకాయం ఉన్నవాళ్లలో గ్లైకేటెడ్ ఆల్బుమిన్ ఉన్నదానికంటే తక్కువ చూపే ధోరణి కూడా ఉంది. మన ప్రశ్నకు ఇది పెద్ద లోపమే.

అందుకే హెచ్‌బీఏ1సీని పూర్తిగా పక్కన పెట్టమనడం లేదు. దానికి ముందు సికిల్ పరీక్ష ఫలితం, హిమోగ్లోబిన్ సంఖ్య చూడమంటున్నాను. దేశంలో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో మొదలైంది. 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందిని పరీక్షించాలన్నది దాని లక్ష్యం. ఆ పరీక్ష ఫలితం ఉన్న కార్డు షుగర్ పరీక్ష చేసే గదిలో కూడా కనబడాలి. రెండు కార్యక్రమాల కాగితాలు ఒకదాన్నొకటి చూసుకోకపోతే నష్టపోయేది మనిషి.

ఇన్సులిన్, కొవ్వులు, కాలేయం

గ్లూకోజు కంటే ముందే పెరిగేది ఇన్సులిన్. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 1985లో ఇచ్చిన హోమా సూత్రం చాలా తేలిక. పరగడుపు గ్లూకోజును పరగడుపు ఇన్సులిన్‌తో గుణించి 405తో భాగించాలి. ఇద్దరు మనుషులకు పరగడుపు గ్లూకోజు 92 ఉందనుకుందాం. ఒకరి ఇన్సులిన్ 5, హోమా విలువ 1.1. ఇంకొకరి ఇన్సులిన్ 18, విలువ 4.1. గ్లూకోజు ఒకటే అయినా రెండోమనిషి క్లోమం మూడున్నర రెట్లు కష్టపడుతోంది. భావన గొప్పది, ఆచరణ కష్టం. ఇన్సులిన్ కొలత ఒక్కో ప్రయోగశాలలో ఒక్కోలా వస్తుంది. రక్తకణాలు పగిలితే నమూనాలోని ఇన్సులిన్ చెడిపోతుంది. ఎంత దాటితే చెడు అన్న గీత మీద ఏకాభిప్రాయం లేదు. పరిశోధనకు ఇది పునాది. ఊళ్లో మనిషిని ఎంచడానికి సరిపోదు.

ఇన్సులిన్ నిరోధకతను సూది లేకుండా చూపే గుర్తు ఒకటి ఉంది. మెడ వెనక, చంకల్లో చర్మం నల్లబడి, మందంగా, మఖమల్ గుడ్డలా మారుతుంది. చాలామంది దాన్ని మురికి అనుకుని రుద్దుతారు. పొట్ట ఉన్న పిల్లవాడి మెడ మీద అది కనబడితే ఆశా కార్యకర్త అక్కడే ఆగాలి.

కొవ్వుల పరీక్షలో ట్రైగ్లిజరైడ్లు పెరిగి, మంచి కొలెస్ట్రాల్ హెచ్‌డీఎల్ తగ్గడం ఇన్సులిన్ నిరోధకతకు నమ్మకమైన సాక్ష్యం. వీటి నిష్పత్తి 3 దాటితే అనుమానించాలని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2003లో చూపారు. 2008లో మెక్సికో పరిశోధకులు పరగడుపు ట్రైగ్లిజరైడ్లను, గ్లూకోజును కలిపి టీవైజీ అనే సూచిక తయారుచేశారు. దీనికి ఇన్సులిన్ కొలత అక్కర్లేదు, హిమోగ్లోబిన్‌తో పని లేదు. తాలూకా స్థాయి ప్రయోగశాలలోనూ ఈ రెండు పరీక్షలు జరుగుతాయి. సికిల్, మలేరియా ఉన్న నేలకు గ్లూకోజు పరీక్ష తర్వాత ఇదే సరైన తోడు. అన్నం ప్రధానమైన తిండిలో ట్రైగ్లిజరైడ్లు సహజంగానే పైకి పోతాయి కాబట్టి సంఖ్యను ఒంటరిగా కాకుండా నడుముతో కలిపి చదవాలి.

కాలేయ ఎంజైములు ఏఎల్‌టీ, జీజీటీ పెరగడం కాలేయంలో కొవ్వు చేరిందనడానికి గుర్తు. తాగుడు, పచ్చకామెర్లు, కొన్ని మందులు కూడా వాటిని పెంచుతాయి. వాపును చూపే సీఆర్‌పీ, ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ ఊబకాయంలో, షుగర్ ముప్పులో పెరుగుతాయని ఎన్నో అధ్యయనాలు చెప్పాయి. కానీ జ్వరాలు, గాయాలు, నులిపురుగులు, పదేపదే రక్తం ఎక్కించుకున్న సికిల్ రోగులు ఉన్న ప్రాంతంలో ఈ రెండు సంఖ్యలూ వేరే కథలు చెబుతాయి.

కొత్త గుర్తులు: తెలిసిందెంత, ఒరిగిందెంత

కొవ్వు కణాలు విడుదల చేసే అడిపోనెక్టిన్ ఒక విచిత్రమైన హార్మోన్. కొవ్వు పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది. తక్కువ ఉన్నవాళ్లకు షుగర్ వచ్చే అవకాశం ఎక్కువ. చెన్నైలో డాక్టర్ సి. స్నేహలత, డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 2003లో భారతీయుల్లో దీన్ని నిర్ధారించింది. 2009లో ప్రపంచవ్యాప్త అధ్యయనాలన్నీ కలిపి చూసినా అదే తేలింది. ఈ రంగంలో ఇంత నిలకడగా నిలిచిన కొత్త గుర్తు మరొకటి లేదు.

2011లో అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ అధ్యయనం మరో దారి తెరిచింది. షుగర్ లేని 2,422 మందిని 12 ఏళ్లు గమనిస్తే 201 మందికి జబ్బు వచ్చింది. వాళ్ల పాత రక్తంలో లూసిన్, ఐసోలూసిన్, వాలిన్, టైరోసిన్, ఫినైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లాలు ముందే ఎక్కువగా ఉన్నాయి. వాటిలో మూడింటిని కలిపి చూసినప్పుడు పై పాతిక శాతంలో ఉన్నవాళ్ల ముప్పు ఐదు రెట్లు ఎక్కువ. ఇన్సులిన్ నిరోధకతలో ప్రొటీన్ జీవక్రియ కూడా మారిపోతుందని ఈ ఫలితంతో స్పష్టమైంది.

లండన్‌లో భారతీయ మూలాలున్న వేల మందిని, ఐరోపా వాళ్లను సుమారు ఎనిమిదిన్నరేళ్లు గమనించిన లోలిపాప్ అధ్యయనంలో భారతీయుల్లో దాదాపు 12 శాతం మందికి, ఐరోపా వాళ్లలో 4 శాతం పైచిలుకు మందికి షుగర్ వచ్చింది. డీఎన్‌ఏ మీద మిథైల్ గుర్తులు ఆ తేడాలో కొంత భాగాన్ని ముందే సూచించాయి. 

ఇన్ని గుర్తులు కలిపితే అంచనా ఎంత మెరుగుపడుతుంది? ఫ్రేమింగ్‌హామ్ సంతతి అధ్యయనంలోనే 2008లో 18 జన్యు గుర్తులను మామూలు వివరాలకు జోడించి చూశారు. వయసు, కుటుంబ చరిత్ర, బరువు, బీపీ, గ్లూకోజు, కొవ్వులతోనే అంచనా శక్తి 0.900 ఉంది. జన్యువులు కలిపాక 0.901. మిగతా కొత్త గుర్తులదీ దాదాపు ఇదే పరిస్థితి. జబ్బు ఎలా పుడుతుందో అవి అద్భుతంగా చెబుతాయి, మందుల పరిశోధనకు దారి చూపుతాయి. ఎవరికి వస్తుందో చెప్పే విషయంలో టేపు, గ్లూకోజు, ట్రైగ్లిజరైడ్లు చెప్పినదానికి అవి కలిపేది కొద్దిగానే.

తెలిశాక ఏం చేయగలం

ముందే తెలుసుకుని ఏమీ చేయలేకపోతే ఆ పరీక్ష మనిషికి భయమే మిగులుస్తుంది. ఈ విషయంలో మాత్రం చేయగలిగింది చాలా ఉంది. అమెరికా డయాబెటిస్ నివారణ కార్యక్రమం 2002లో చెప్పిన ప్రకారం తిండి, నడకలో మార్పుతో షుగర్ వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్‌తో 31 శాతం తగ్గింది. రామచంద్రన్ బృందం భారతీయ నివారణ కార్యక్రమాన్ని 531 మందితో నడిపి 2006లో ఫలితం ప్రకటించింది. ఏమీ చేయనివాళ్లలో మూడేళ్లలో 55 శాతం మందికి షుగర్ వచ్చేసింది. జీవనశైలి మార్పు 28.5 శాతం, మెట్‌ఫార్మిన్ 26.4 శాతం ముప్పును తగ్గించాయి. మనవాళ్లు ముందు దశ నుంచి జబ్బులోకి అంత వేగంగా జారిపోతారు కాబట్టి ఆలస్యం చేయడానికి వీల్లేదు.

చెన్నైలో 578 మందితో జరిగిన డీ-క్లిప్ అధ్యయనం 2016లో ఇంకో ముఖ్యమైన సంగతి తేల్చింది. మొత్తం మీద ముప్పు 32 శాతం తగ్గింది. విడివిడిగా చూస్తే, గ్లూకోజు తాగాక పెరిగేవాళ్లలో 31 శాతం, రెండూ పెరిగినవాళ్లలో 36 శాతం తగ్గింది. పరగడుపు మాత్రమే పెరిగినవాళ్లలో 12 శాతమే. అంటే గ్లూకోజు తాగించే పరీక్ష ముప్పును పట్టుకోవడంతో ఆగదు. నడక, తిండి మార్పు ఎవరికి బాగా పనిచేస్తుందో కూడా అదే చెబుతుంది. హెచ్‌బీఏ1సీ ఈ తేడా చూపలేదు. ఈ ఒక్క కారణం చాలు గ్లూకోజు తాగించే పరీక్షను పల్లెకు తీసుకుపోవడానికి.

ముల్చేరకు సరిపడే వరుస

మొదట టేపు. ముప్పై దాటిన ప్రతి ఒక్కరినీ ఆశా కార్యకర్త సీబ్యాక్ పత్రంతో అడగాలన్న ఏర్పాటు ఇప్పటికే ఉంది. వయసు, నడుము, వ్యాయామం, కుటుంబంలో షుగర్, పొగాకు, మద్యం చూసి మార్కులు వేస్తారు. 4 దాటితే ముప్పు ఎక్కువ. చెన్నైకి చెందిన డాక్టర్ వి. మోహన్ బృందం 2005లో ఇచ్చిన భారతీయ డయాబెటిస్ రిస్క్ స్కోరు కూడా ఇలాంటిదే. అందులో 60 దాటితే అధిక ముప్పు. ఈ పత్రం గోండి, మాడియా, తెలుగు, బెంగాలీ మాట్లాడేవాళ్లకు వాళ్ల మాటలోనే అడిగేలా ఉండాలి. తెలియని భాషలో అడిగిన ప్రశ్నకు మనిషి తలూపుతాడు, జవాబు చెప్పడు.

రెండోది గ్లూకోజు పరీక్ష. ఇది ఇక్కడి సిబ్బందికి కొత్త కాదు. చెన్నై వైద్యుడు డాక్టర్ వి. శేషయ్య ప్రతిపాదించిన పద్ధతిలో, గర్భిణులకు 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు చూడటం జాతీయ మార్గదర్శకాల్లో ఎప్పటినుంచో ఉంది. 140 దాటితే గర్భకాల షుగర్. ఏఎన్‌ఎం చేతికి అలవాటైన ఆ పొట్లం, ఆ గ్లూకోమీటరే నడుము పెరిగిన మిగతా పెద్దవాళ్లకూ వాడొచ్చు. పరగడుపు ఒకసారి, గంటకు ఒకసారి చూసి 155 దాటినవాళ్లను మరుసటి వారం సిరల రక్తంతో నిర్ధారించుకోవాలి. గర్భంలో షుగర్ వచ్చిన తల్లిని కాన్పు తర్వాత వదిలేయకూడదు. పుణే అధ్యయనాలు చెప్పిన రేపటి తరం ముప్పు ఆమె దగ్గరే మొదలవుతుంది.

మూడోది ట్రైగ్లిజరైడ్లు, హెచ్‌డీఎల్. ఇవి తాలూకాలోనే కుదురుతాయి. నాలుగో స్థానంలో హెచ్‌బీఏ1సీ, అదీ సికిల్ పరీక్ష, హిమోగ్లోబిన్ ఫలితం చూశాకే. గ్లూకోజుకు, దానికి పొంతన కుదరకపోతే గ్లూకోజునే నమ్మాలి. నది దాటి వచ్చే రోగులను చూసే మంచిర్యాల, కరీంనగర్ వైద్యులకూ ఈ మాట వర్తిస్తుంది. సిరొంచ, అహేరి, ముల్చేర నుంచి వచ్చిన మనిషి మూడు నెలల పరీక్ష 5.5 అని చూసి పంపేసే ముందు, సికిల్ సంగతి ఒక్కమాట అడగాలి.

ముందు దశ తేలినవాళ్లకు ఏడాదికోసారి, బాగున్నవాళ్లకు మూడేళ్లకోసారి పరీక్ష చేయాలి. వాళ్లతో మాట్లాడేటప్పుడు జబ్బు వచ్చిందని కాదు, జబ్బు రాకుండా ఆపే సమయం ఇంకా ఉందని చెప్పాలి. రోజుకు అరగంట గట్టిగా నడవడం, అన్నం కొంచెం తగ్గించి పప్పు, కూర పెంచడం, బరువులో 7 శాతం దించుకోవడం. 70 కిలోల మనిషికి అది 5 కిలోల లోపే. మెట్‌ఫార్మిన్ ఎవరికి కావాలో వైద్యులు నిర్ణయిస్తారు.

ఇవన్నీ కలిపి చూస్తే ముల్చేరకు లోపించింది ఖరీదైన పరీక్ష కాదని అర్థమవుతుంది. టేపు ఉంది, గ్లూకోజు పొట్లం ఉంది, గ్లూకోమీటరు ఉంది, పద్ధతి తెలిసిన ఏఎన్‌ఎం ఉంది. వాటిని ఒక వరుసలో పెట్టి, సికిల్ కార్డును షుగర్ పత్రం పక్కన చేర్చి, తేలిన ప్రతి పేరునూ ఏడాది పొడవునా వదలకుండా పట్టుకునే ఏర్పాటు కావాలి. ఆ ఏర్పాటు చేయాల్సిన బాధ్యత గడ్చిరోలి జిల్లా ఆరోగ్య యంత్రాంగానిది. అది చేయమని అడిగే హక్కు ముల్చేర ప్రజలది.